హెచ్‌ఓ రైలు లేఅవుట్‌కు కొత్త కార్లు, ఇళ్లు: ఏటా వచ్చేవాటిలో ఏవి కొనాలి, ఏవి వదిలేయాలి

మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను, ఎందుకంటే సమాధానంలో సగం మీ ప్రశ్నలోనే ఉంది. మీ బావగారు జర్మనీ నుంచి వస్తూ హెచ్‌ఓ స్కేల్ బొమ్మ రైలు సెట్ ఒకటి తెచ్చి ఇచ్చారు. అందులో 216తో మొదలయ్యే సంఖ్య రాసి ఉన్న ఎర్ర డీజిల్ ఇంజన్, మూడు ప్రయాణికుల పెట్టెలు, గుండ్రంగా పరిచే పట్టాలు ఉన్నాయి. మీరు హైదరాబాద్‌లో దొరికిన హాట్‌వీల్స్ కార్లు పది కొని పట్టాల పక్కన నిలబెట్టారు గానీ ఏదో తేడా కొడుతోందని రాశారు. ఈ ఏడాది కొత్తగా వచ్చిన కార్ల, భవనాల జాబితాలు చూస్తూ ఏది కొనాలో తేల్చుకోలేకపోతున్నారు. కొత్తవి వచ్చినవి వచ్చినట్టు సేకరించాలా, వాటిని అట్టపెట్టెల్లోనే ఉంచాలా అని కూడా అడిగారు.

నేను ఇరవై ఏళ్లకు పైగా జర్మనీలో ఉంటున్నాను. ఇక్కడికి వచ్చిన మొదటి చలికాలంలోనే ఈ బొమ్మ రైళ్ల అలవాటు పట్టుకుంది. మొదటి ఐదారేళ్లు మీరు అడిగిన పనే చేశాను. కొత్తది ఏది కనిపిస్తే అది కొన్నాను. మన ఇళ్లలో సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టేటప్పుడు ఏటా ఒక కొత్త బొమ్మ చేర్చడం ఆనవాయితీ కదా, నేను కూడా లేఅవుట్‌ను, అంటే పట్టాల చుట్టూ ఇళ్లు, రోడ్లతో కట్టుకున్న బుల్లి ఊరిని, కొలువులాగే నింపుకుంటూ పోయాను. కొలువులో జానెడు వెంకటేశ్వరస్వామి పక్కన బెత్తెడు శెట్టిగారు, ఆయన పక్కన ప్లాస్టిక్ విమానం ఉన్నా ఎవరూ తప్పు పట్టరు. రైలు లేఅవుట్‌కు ఆ వెసులుబాటు లేదు. చూసేవారికి కారణం తెలియకపోయినా కన్ను మాత్రం ఒప్పుకోదు. కాబట్టి నా సలహా మొత్తం ఒక్క మాట మీద నడుస్తుంది: కొనడానికి ముందు మీ లేఅవుట్ ఏ ఊరు, ఏ సంవత్సరం అన్నది నిర్ణయించుకోండి. ఆ రెండూ తేలితే జాబితాలో ముప్పాతిక వంతు దానంతట అదే కొట్టివేతకు గురవుతుంది.

మొదట కొలతల సంగతి చూద్దాం, మీ హాట్‌వీల్స్ ఎబ్బెట్టుగా కనిపించడానికి కారణం అక్కడే ఉంది. హెచ్‌ఓ అంటే 1:87, నిజమైనదానిలో 87వ వంతు. జర్మన్లు దీన్ని హెచ్ పక్కన సున్నాగా రాస్తారు. వెనుకటి ‘సున్నా’ స్కేల్‌లో సగం అన్న అర్థంలో ‘హాల్బ్ నుల్’ అనే మాట నుంచి అది వచ్చింది. నిజమైన పట్టాల మధ్య దూరం 1435 మి.మీ.ను 87తో భాగిస్తే 16.5 మి.మీ. వస్తుంది, మీ సెట్‌లోని పట్టాల గేజ్ అదే. ఈ లెక్కన 1.75 మీటర్ల మనిషి 20 మి.మీ. ఉంటాడు. 4.07 మీటర్ల ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ దాదాపు 47 మి.మీ. ఉంటుంది. 4.68 మీటర్ల మెర్సిడెస్ సెడాన్ 54 మి.మీ. దగ్గర ఆగుతుంది. హాట్‌వీల్స్ కార్లను ఏ స్కేల్‌కూ కచ్చితంగా కట్టుబడి చేయరు, అవి అమ్మే ప్యాకెట్‌లో పట్టేలా చేస్తారు. అందువల్ల చిన్న కారైనా పెద్ద లారీ అయినా ఇంచుమించు 7 సెం.మీ. దగ్గరే ఉంటుంది. 7 సెం.మీ.ను 87తో గుణిస్తే ఆరు మీటర్లు దాటుతుంది. అంటే మీ స్టేషన్ ముందు నిలబెట్టిన బుల్లి కారు, ఆ ఊరి లెక్క ప్రకారం వ్యానంత పొడవున్న వాహనం. మీ కన్నుకు తగిలిన తేడా అది.

ఇంతకంటే మోసపుచ్చే తేడా ఇంకొకటి ఉంది. బ్రిటిష్ రైలు నమూనాలు ఓఓ అనే స్కేల్‌లో వస్తాయి. వాటి పట్టాల గేజ్ కూడా 16.5 మి.మీ. కావడంతో అది మీ సెట్‌కు సరిపోతుందని అనిపిస్తుంది, కానీ బండ్లు, ఇళ్లు మాత్రం 1:76లో ఉంటాయి. ఆక్స్‌ఫర్డ్ డైకాస్ట్ వంటి సంస్థల బ్రిటిష్ కార్లు చాలా అందంగా ఉంటాయి, కాబట్టి చేయి వాటి మీదికి పోతుంది. అయితే 1:76లో చేసిన బీటిల్ పొడవు 53 మి.మీ. దాటుతుంది, అంటే 1:87లో చేసిన పెద్ద మెర్సిడెస్‌తో సమానం. ఆ రెండింటినీ ఒకే వీధిలో నిలబెడితే రెండూ అబద్ధంగానే కనిపిస్తాయి. ప్యాకెట్ మీద ‘హెచ్‌ఓ/ఓఓ’ అని రెండూ కలిపి రాసి ఉంటే కొనే ముందు అంగుళాల స్కేల్ బయటికి తీయండి. వీకింగ్ అనే జర్మన్ సంస్థ చేసిన పాత కార్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అవి కచ్చితంగా 1:87లో ఉండవు, కాస్త చిన్నవి. కానీ చిన్నగా ఉండటం పెద్దగా ఉండటమంత దోషం కాదు. రోడ్డుకు వెనకవైపు, గుట్ట దగ్గర నిలబెడితే దూరంగా ఉన్నట్టు కనిపించి మేలే చేస్తాయి. లేఅవుట్ బాగా లోతుగా ఉన్నవారు చివరి కొండ మీద 1:160 కార్లు కూడా కావాలనే పెడతారు.

ఇక సంవత్సరం. మీ ఇంజనే మీకు సగం జవాబు చెబుతోంది. పశ్చిమ జర్మనీ రైల్వే 1968 జనవరి 1 నుంచి తన ఇంజన్లన్నింటికీ కంప్యూటర్‌కు అనువైన కొత్త సంఖ్యలు ఇచ్చింది. అంతకు ముందు రోజు వరకు వి 160 అని పిలిచిన ఇంజన్ ఆనాటి నుంచి 216 అయింది. అంటే మీ లేఅవుట్ 1968కి ముందు నాటిది కావడానికి వీలు లేదు. రంగు ఎర్రది కాబట్టి 1970ల మొదటి భాగానికి చక్కగా కుదురుతుంది. 1970ల నడిమి నుంచి కొత్త ఇంజన్లకు నీలం, లేత గోధుమ రంగుల జోడీ వచ్చింది, అయినా పాత ఎర్రవి మళ్లీ రంగు వేసే వంతు వచ్చేదాకా తిరుగుతూనే ఉన్నాయి. ఐరోపా అభిరుచిదారులు కాలాన్ని ఒకటి నుంచి ఆరు దాకా ‘ఎపోక్’లుగా విభజించుకున్నారు, మీకు ప్యాకెట్ల మీద రోమన్ అంకెల్లో కనిపించేది అదే. మీది నాలుగో ఎపోక్, అంటే స్థూలంగా 1970 నుంచి 1990 దాకా. కానీ ఇరవై ఏళ్లు చాలా పెద్ద వ్యవధి. నేనైతే మీకు 1972 అని ఒక్క సంవత్సరం రాసి గోడకు అంటించుకోమంటాను.

ఎందుకంత పట్టుదల అంటే, లేఅవుట్ మీద కాలం చెప్పేది రైలు కంటే కారే. ఒక ఇంజన్ ముప్పై, నలభై ఏళ్లు నడుస్తుంది. ఒక ఇల్లు వందేళ్లు నిలుస్తుంది. కారు మాత్రం పుట్టిన ఏడాదిని నుదుటి మీద రాసుకుని తిరుగుతుంది. ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ 1974లో వచ్చింది. 1972 నాటి వీధిలో ఒక్క గోల్ఫ్ నిలబెడితే చాలు, ఆ వీధి మొత్తం 1974 తరువాతికి జరిగిపోతుంది. ఇందులో ఒక సూత్రం గమనించండి: ముందు కాలపు కారు తరువాతి కాలంలో ఉండవచ్చు, తరువాతి కాలపు కారు ముందు కాలంలో ఉండరాదు. మొదటిది సర్దుకుపోయే నియమం, రెండోది సడలింపు లేని నియమం. ఇంకా, ఏ ఊళ్లోనైనా వీధిలో నిలిపి ఉన్న కార్లలో సరికొత్తవి కొన్నే ఉంటాయి. ఎక్కువ భాగం మూడు నుంచి పదేళ్ల వయసువి, ఒకటి రెండు మరీ పాతవి. కొత్తగా చేరినవారు 1972 వీధి కట్టాలంటే ఆ ఏడు విడుదలైన కార్లే వెతుకుతారు, అప్పుడు ఆ వీధి షోరూమ్ ముందు స్థలంలా తయారవుతుంది.

కాబట్టి 1972కి మీ జాబితా ఇలా సాగుతుంది. బీటిల్స్ రెండో మూడో తప్పనిసరిగా ఉండాలి, వేర్వేరు రంగుల్లో. ఓపెల్ కడెట్ బి 1965 నుంచి 1973 దాకా తయారైంది, ఓపెల్ రెకార్డ్ సి 1966లో మొదలైంది. ఈ రెండూ మధ్యతరగతి కుటుంబాల కార్లు. 1968లో వచ్చిన మెర్సిడెస్ డబ్ల్యూ 114, 115 వరుస డాక్టరుగారికీ, టాక్సీ స్టాండుకూ పనికి వస్తుంది. వెనక రెక్కల్లాంటి అంచులున్న మెర్సిడెస్ ‘హెక్‌ఫ్లోస్సె’ 1959 నాటిది, అప్పటికి రెండో యజమాని చేతిలో ఉంటుంది. 1961లో ఆగిపోయిన బోర్గ్‌వార్డ్ ఇజబెల్లా ఒకటి ఉంటే అది ముసలి ఉపాధ్యాయుడిదని చూసేవారే ఊహించుకుంటారు. ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్లలో ముందు అద్దం రెండుగా చీలి ఉన్నది 1967 వరకు, ఒకే పలకగా ఉన్నది ఆ తరువాత, రెండూ పెట్టవచ్చు. సరుకుల షెడ్డు దగ్గర పొట్టి గుండ్రటి ముక్కున్న మెర్సిడెస్ లారీ ఒకటి ఉంటే చాలు. ఇవన్నీ వీకింగ్, హెర్పా, బ్రెకినా, బుష్ వంటి సంస్థల జాబితాల్లో తరచుగా వస్తుంటాయి. వీటిలో బ్రెకినాకు 1950ల నుంచి 1970ల దాకా నడిచిన బండ్ల మీద ప్రత్యేకమైన మక్కువ ఉన్నందువల్ల మీరు మొదట చూడవలసింది వారి జాబితానే.

కారు మోడల్ సరైనదైనా రంగు, రాతలు తప్పు కావచ్చు, ఇక్కడే ఎక్కువమంది జారిపడతారు. పశ్చిమ జర్మనీలో టాక్సీలు 1970ల మొదలు దాకా నల్లగా ఉండేవి, ఆ తరువాత లేత దంతపు రంగు తప్పనిసరి అయింది. కాబట్టి 1972 నాటి టాక్సీ స్టాండులో నల్లదీ దంతపు రంగుదీ పక్కపక్కన నిలబెడితే ఆ సంవత్సరం సంగతి తెలిసినవారు మీ భుజం తడతారు. పోలీసు బండ్లు ఆకుపచ్చవి లేదా ఆకుపచ్చ, తెలుపు కలిసినవి కావాలి. నీలం, వెండి రంగుల జోడీ ఈ శతాబ్దంలో వచ్చింది. తపాలా వ్యాన్లు, తపాలా బస్సులు, టెలిఫోన్ బూత్‌లు మూడూ పసుపే, ఎందుకంటే ఆనాడు అవి మూడూ ఒకే శాఖవి. నంబరు పలకకు ఎడమ అంచున నీలి పట్టీ, దాని మీద నక్షత్రాలు కనిపిస్తే అది 1990ల తరువాతి బండి. అంత చిన్న పలకను ఎవరు చూస్తారని అనుకోకండి, ఫోటో తీసి పెద్దది చేసినప్పుడు మొదట కనిపించేది అదే.

‘కొత్తవి’ అన్న మాటకు వద్దాం. ఈ రంగంలో ఏడాది న్యూరెంబర్గ్ బొమ్మల సంతతో మొదలవుతుంది. 1950 నుంచి జరుగుతున్న ఆ ప్రదర్శన జనవరి చివర, ఫిబ్రవరి మొదట ఉంటుంది, సంస్థలు తమ ఏడాది కొత్త సరుకును ప్రకటించేది ప్రధానంగా ఆ రోజుల్లోనే. ఆ జాబితాలు చదవడానికి ఒక మెలకువ కావాలి. అందులో ‘కొత్త’ అని రాసినవి రెండు రకాలు. ఒకటి నిజంగా కొత్త అచ్చు చెక్కించి పోసినది. ఇది ఖర్చుతో కూడిన పని, ఒక సంస్థ ఏడాదికి కొద్దిపాటిగానే చేయగలదు. రెండోది పాత అచ్చుకే కొత్త రంగు, కొత్త కంపెనీ రాతలు, కొత్త చక్రాలు తొడిగినది. జాబితాలో ఎక్కువ భాగం ఇదే. జర్మన్ జాబితాల్లో మొదటిదాన్ని ‘ఫార్మ్‌నొయ్‌హైట్’ అని వేరుగా గుర్తు పెడతారు, ఆ మాట చూసుకోండి. రెండోది తక్కువదని నా ఉద్దేశం కాదు, మీ ఊరికి కావలసిన రంగు అందులోనే దొరకవచ్చు. కానీ అదే లారీని పది బీరు కంపెనీల పేర్లతో పదిసార్లు కొని ‘నా దగ్గర పది లారీలున్నాయి’ అనుకోవడం నేను చేసిన పొరపాటు. నా అలమారలో ఇప్పటికీ అవి వరుసగా నిలబడి ఉన్నాయి. ఒక చిన్న ఊరికి బీరు లారీలు ఎన్ని కావాలో మీరే చెప్పండి.

ప్రకటనకూ సరుకు చేతికి రావడానికీ మధ్య నెలలు, ఒక్కోసారి ఏడాదికి పైగా పడుతుంది. పరిమిత సంఖ్యలో వేసే వరుసలు కొన్ని ముందుగానే అయిపోతాయి, అందువల్ల నిజంగా కావలసిన ఒకటి రెండింటికి మాత్రం ముందుగా చెప్పి పెట్టుకోవడం మంచిది. మిగిలినవాటికి తొందరపడనక్కరలేదు. కొత్తగా వచ్చిన మామూలు కారు ధర పది యూరోల పైచిలుకు నుంచి ఇరవై దాటేదాకా ఉంటుంది. అదే కారు రెండు మూడేళ్ల తరువాత సేకరణలు అమ్ముకునేవారి దగ్గర, వారాంతపు నమూనా సంతల్లో పెట్టెలోంచి ఎంచుకునే సరుకుగా మారుతుంది. మీ బావగారు మళ్లీ వచ్చేటప్పుడు ఆయన చేతికి దుకాణం చిరునామా కాకుండా అటువంటి సంత తేదీ ఇవ్వండి.

భవనాల్లో పద్ధతి వేరు, ఎందుకంటే ఇక్కడ కొలతల విషయంలో అందరూ కలిసి ఒక తీయని అబద్ధం ఒప్పుకున్నారు. మనకు తెలిసిన ఉదాహరణే తీసుకోండి: మన చెన్నై కర్మాగారంలో తయారైన ఐసీఎఫ్ రైలు పెట్టె పొడవు ఇంచుమించు 21.3 మీటర్లు, హెచ్‌ఓలో అది 24.5 సెం.మీ. ఇరవై నాలుగు పెట్టెల రైలు ఆగే ప్లాట్‌ఫాం కట్టాలంటే ఆరు మీటర్ల గది కావాలి. ఆ చోటు ఎవరి దగ్గరా లేదు. జర్మన్ ఎక్స్‌ప్రెస్ పెట్టె నిజానికి 26.4 మీటర్లు, 1:87లో 30.3 సెం.మీ. రావాలి, కానీ చాలా కాలం పాటు పొడవును 1:100 లెక్కన 26.4 సెం.మీ.కు కుదించి అమ్మారు, మెర్క్‌లిన్ సంస్థ 28.2 సెం.మీ. అనే మధ్యేమార్గం కూడా పట్టింది. రైలే కుదించుకుంటే ఇల్లు కుదించుకోకుండా ఎలా ఉంటుంది? అందువల్ల హెచ్‌ఓ అని అమ్మే చర్చి, ఫ్యాక్టరీ, రైల్వే స్టేషన్ చాలాసార్లు 1:100 దగ్గరో అంతకంటే చిన్నగానో ఉంటాయి, మరీ ముఖ్యంగా పాత అచ్చులవి.

దీన్ని కనిపెట్టడానికి గుమ్మం కొలిస్తే చాలు. రెండు మీటర్ల తలుపు 1:87లో 23 మి.మీ. ఉండాలి. 20 మి.మీ. బొమ్మ మనిషిని, ప్రైజర్ సంస్థవి ఇందుకు బాగుంటాయి, గుమ్మంలో నిలబెట్టి చూడండి. తల గుమ్మం పై అంచుకు తగిలితే ఆ ఇల్లు పట్టాల పక్కన, ముందు వరుసలో వద్దు. వెనక వరుసకు పంపితే అదే ఇల్లు దూరంగా ఉన్నట్టు కనిపించి ఊరికి లోతు తెస్తుంది. గుమ్మం, కిటికీ, మెట్టు ఈ మూడూ మనిషి ఒంటికి కట్టుబడినవి కాబట్టి వాటిని కుదించకూడదు. అంతస్తుల సంఖ్య, గోడ పొడవు, కిటికీల వరుస మాత్రం ఎంత తగ్గించినా కన్ను క్షమిస్తుంది. ముక్కలుగా వచ్చి మనమే అతికించుకునే ఇళ్ల కిట్‌లు చేసే మంచి తయారీదారులు ఇది తెలిసే చేస్తారు.

తయారీదారుల గురించి కాస్త చరిత్ర తెలిస్తే జాబితాలు చదవడం సులువవుతుంది. బ్లాక్ ఫారెస్ట్ ప్రాంతంలోని గ్యూటెన్‌బాఖ్ అనే ఊళ్లో హెర్మన్, ఎడ్విన్ ఫాలర్ సోదరులు 1946లో మొదలుపెట్టిన ఫాలర్ ఇప్పటికీ పెద్ద పేరు. ఆ కొండ ప్రాంతపు వాలు కప్పుల ఇళ్లు వారి జాబితాలో ఎక్కువగా కనిపించడం సహజమే. కిబ్రి 1895 నాటి సంస్థ, ఫోల్‌మర్ యుద్ధం ముగిశాక స్టుట్‌గార్ట్‌లో పుట్టింది. ఈ రెండూ సొంతంగా నిలవలేక, 2010లో కిబ్రి, 2014లో ఫోల్‌మర్ వీస్‌మన్ సంస్థ చేతికి వెళ్లాయి. తూర్పున సాక్సనీలో ఆవ్‌హాగన్ 1885 నుంచి ఉంది, ఇటుక ఫ్యాక్టరీలు, రైల్వే షెడ్లు దాని బలం. సంస్థలు చేతులు మారినా అచ్చులు బతికే ఉంటాయి, అందువల్ల ఈ ఏడాది ‘కొత్త’ పెట్టెలో వచ్చిన ఇల్లు మీ బావగారి చిన్ననాటి ఇల్లే కావచ్చు. 1972 ఊరికి అది లోపం కాదు, లాభం. 1960ల ఆధునిక శైలిలో, ఆ కాలంలోనే చేసిన కిట్‌లకు ఆనాటి అభిరుచి తెలియకుండానే అంటుకుని ఉంటుంది. 1961 నాటి ఫాలర్ వారి ‘టిచీనో విల్లా’ అందుకు మంచి ఉదాహరణ.

ఊరు నిర్ణయించుకోమని మొదట అన్నది ఇందుకే. ఉత్తర జర్మనీ అంటే ఎర్ర ఇటుక. నడిమి ప్రాంతం అంటే గోడలో కర్ర దూలాలు అడ్డంగా, ఐమూలగా కనిపించే ఇళ్లు. దక్షిణాన బవేరియా అంటే వెడల్పు చూరు, చెక్క వసారా. ఈ మూడూ ఒకే చౌరస్తా చుట్టూ నిలబెడితే కోనసీమ మండువా ఇంటి పక్కన రాజస్థాన్ హవేలీ కట్టినట్టు ఉంటుంది. రెండూ అందమైనవే, ఒక ఊరివి కావు. మీ 216 ఇంజన్ విద్యుత్ తీగలు లేని శాఖా మార్గాల్లో, ప్రధాన మార్గాల్లో కూడా తిరిగింది కాబట్టి మీకు ఏ ప్రాంతమైనా పరవాలేదు, ఒక్కటే ఎంచుకోండి. పెద్ద స్టేషన్ కొనాలన్న కోరికను మాత్రం ఆపుకోండి. మూడు పెట్టెల రైలుకు చిన్న పల్లె స్టేషన్, ఒక సరుకుల షెడ్డు, ఎదురుగా హోటల్, వరుసగా నాలుగు ఇళ్లు సరిపోతాయి. గోడకు ఆనుకునే చోట ముందు ముఖం మాత్రమే ఉండే సగం ఇళ్లు కట్టుకుంటే డబ్బూ చోటూ మిగులుతాయి.

కట్టడం గురించి నాలుగు మాటలు. ప్లాస్టిక్ కిట్‌ను సూదిమూతి ఉన్న ద్రావక జిగురుతో అతికించాలి, ఎందుకంటే అది ప్లాస్టిక్‌ను కరిగించి రెండు ముక్కలను ఒకటి చేస్తుంది; మన దగ్గర ఇంట్లో ఉండే క్షణాల జిగురు కిటికీ పలకల మీద తెల్లటి ఆవిరి మచ్చ వదులుతుంది. కిట్ రంగులోనే వచ్చినా గోడలకు, కప్పుకు పల్చగా మెరుపు లేని రంగు వేయండి. ప్లాస్టిక్ నిగనిగే ఇల్లు బొమ్మ అని పట్టిచ్చేది. లోపల దీపం పెట్టదలిస్తే ముందుగా గోడల లోపలివైపు నల్ల కాగితం అతికించాలి, లేకుంటే గోడ మొత్తం లాంతరులా వెలుగుతుంది. లేజర్‌తో కోసిన అట్ట, చెక్క కిట్‌లు ఈ మధ్య చాలా వస్తున్నాయి, పనితనం కళ్లు చెదిరేలా ఉంటుంది. కానీ నేను అటువంటి కిట్ ఒకటి విశాఖలో మా తమ్ముడి ఇంట్లో కట్టి వచ్చాను. రెండు వర్షాకాలాలు గడిచేసరికి దాని కప్పు అప్పడంలా లేచింది. తేమ ఉండే చోట ప్లాస్టిక్‌నే నమ్ముకోండి, లేదా అట్టకు రెండువైపులా వార్నిష్ పట్టించి కట్టండి. హైదరాబాద్ పొడి గాలిలో ఆ బాధ తక్కువ, ఎండ పడే కిటికీ పక్కన మాత్రం ఏదీ పెట్టవద్దు.

కార్లు కదలాలన్న కోరిక కూడా మీకు త్వరలోనే పుడుతుంది. ఫాలర్ 1989లో తెచ్చిన కార్ సిస్టంలో రోడ్డు పైపొర కింద సన్నటి ఉక్కు తీగ ఉంటుంది, బండి ముందు ఇరుసుకు బిగించిన అయస్కాంతం ఆ తీగ వెంట చక్రాలను తిప్పుతూ పోతుంది, లోపల చార్జింగ్ బ్యాటరీ, మోటారు ఉంటాయి. హాంబర్గ్‌లో 2001లో తెరిచిన మినియేటర్ వుండర్‌లాండ్‌లో వందలాది బండ్లు ఈ సూత్రాన్ని పెంచుకున్న పద్ధతిలోనే తిరుగుతాయి. చూడటానికి అబ్బురంగా ఉంటుంది. కానీ ఒక్క బస్సు ధరకు నిలబడి ఉండే కార్లు పది వస్తాయి, మలుపులకు చోటు కావాలి, మొదటి ఏడాది దాని జోలికి పోకండి.

అట్టపెట్టెల విషయం. అవి దాచుకోండి, కార్లను మాత్రం బయటికి తీయండి. ఇటీవలి కార్లు వేల సంఖ్యలో అచ్చవుతాయి, మూతపెట్టెలో ఉంచినంత మాత్రాన వాటి ధర పెరగదు. 1950ల నాటి అద్దాలు లేని వీకింగ్ కార్ల వంటివాటికే సేకరణ విలువ ఉంది, అవి మీకు తక్కువలో ఎవరైనా ఇస్తామంటే అనుమానించండి. దాచేటప్పుడు ఒక జాగ్రత్త: మెత్తని రబ్బరులాంటి టైర్లలోని ద్రవ్యం ఏళ్ల తరబడి తాకి ఉన్న ప్లాస్టిక్‌లోకి దిగి దాన్ని కరిగిస్తుంది. నా బస్సు ఒకటి ఎనిమిదేళ్లు అలమారలోని ప్లాస్టిక్ పలక మీద నిలబడి ఉంది, తీసేసరికి నాలుగు చక్రాల కింద నాలుగు గుంటలు. కింద సాదా కాగితం పరిచి ఉంటే సరిపోయేది.

భారతదేశానికి తెప్పించుకోవడంలో సుంకం లెక్క వేసుకోకుండా అడుగు వేయవద్దు. బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు, 2021 నుంచి బొమ్మలకు నాణ్యతా ధ్రువీకరణ నిబంధన కూడా వచ్చింది. నమూనా కిట్‌లు కూడా ఆ వర్గంలోకే వస్తాయి. అందువల్ల తపాలాలో పెద్ద పెట్టె తెప్పించుకోవడం కంటే ప్రయాణికుల సామానులో కొద్దికొద్దిగా రావడం మేలు. కిట్‌ను కట్టకుండా అచ్చు పలకల రూపంలోనే తెమ్మనండి, కట్టిన ఇల్లు సామానులో బతకదు. మన అంబాసిడర్, మన ఆటో, మన పెంకుటిల్లు కావాలనిపిస్తే అది వేరే లేఅవుట్. మన దేశపు బొమ్మల దుకాణాల్లో దొరికే అంబాసిడర్లు హెచ్‌ఓ కంటే రెట్టింపు పైగా ఉంటాయి, మన 1676 మి.మీ. బ్రాడ్‌గేజ్‌కు హెచ్‌ఓలో 19.3 మి.మీ. పట్టాలు కావాలి, అంటే చాలా భాగం సొంతంగా చేసుకోవలసిందే. ఆ పని మొదలుపెట్టే ముందు పుణెలోని జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం ఒకసారి చూసి రండి.

మీ హాట్‌వీల్స్ పదింటినీ పిల్లలకు ఇచ్చేయండి. మీ బావగారి తరువాతి ప్రయాణానికి చీటీ ఇలా రాయండి: బీటిల్స్ రెండు, కడెట్ బి ఒకటి, దంతపు రంగు మెర్సిడెస్ టాక్సీ ఒకటి, పసుపు తపాలా వ్యాన్ ఒకటి, పొట్టి ముక్కు లారీ ఒకటి, ప్రైజర్ మనుషులు ఒక పెట్టె, పల్లె స్టేషన్ కిట్ ఒకటి, సూదిమూతి జిగురు ఒకటి. జిగురు మండే ద్రవం కాబట్టి విమానంలో రానివ్వరు, దాన్ని చీటీలోంచి కొట్టేసి మీ దగ్గరే ప్లాస్టిక్ మోడల్ కిట్‌లు అమ్మేవారి దగ్గర అడగండి.